మూడేళ్లలోపు పిల్లలకు ముద్ద పెట్టేదెవరు?

నిన్న దిద్దిన అక్షరం ఇవాళ మరిచిపోయిన పిల్లాణ్ని మొద్దు అనేస్తాం. జగిత్యాల, కోరుట్ల వైపు బడుల్లో ఒకటో తరగతికి చెప్పినన్నాళ్లూ ఆ మాట వింటూనే ఉన్నాను. బడికొచ్చిన ఏఎన్ఎం అలాంటి పిల్లల కింది రెప్ప లాగి చూపించేది. లోపల ఎరుపే ఉండేది కాదు. పొద్దున ఏం తిన్నావురా అంటే, ‘చాయ్‌ల బిస్కెట్ సార్’ అనేవారు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతానికి రక్తహీనత ఉంది. అంతకుముందు సర్వేలో అది 61 శాతం. ఐరన్ రక్తానికే కాదు, మెదడులో నరాల చుట్టూ పొర ఏర్పడటానికీ కావాలి. ఆ పని జోరుగా సాగేది మొదటి రెండేళ్లలోనే. బడికొచ్చాక మాత్రలు మింగిస్తే రక్తం పడుతుంది గానీ, ఆ రెండేళ్లలో మెదడుకు జరిగిన నష్టం పూర్తిగా పూడదు. చాయ్ అయితే తిన్న కాస్త ఐరన్‌నూ ఒంటికి సరిగా పట్టనివ్వదు.

తిండికీ చదువుకూ ఉన్న ముడిని మన నేల మీదే చూశారు. 1987-90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల కొన్ని పల్లెల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మక్క, సోయాలతో ఉప్మా వండి పెట్టారు. పక్క పల్లెలకు అప్పటికింకా ఆ ఉప్మా పథకం రాలేదు. రెండుచోట్ల పిల్లలూ పెద్దయ్యాక పోల్చి చూస్తే, ఉప్మా పెట్టిన ఊళ్లలో పుట్టినవాళ్లు సగటున దాదాపు ఒక తరగతి ఎక్కువ చదివారు.

ఇప్పుడు మన అంగన్‌వాడీలో మూడేళ్లు దాటిన పిల్లలు టీచర్ కళ్లముందే అన్నం, గుడ్డు తింటారు. ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు మాత్రం నెలకు రెండున్నర కిలోల బాలామృతం పొడి, 16 గుడ్లు ఇంటికిస్తారు. మెదడు వేగంగా పెరిగే వయసు వాళ్లదే!

సిరిసిల్లలో ఓ ఇంటికి వెళ్లి చూడండి. రాత్రంతా సాంచాల (మరమగ్గాల) మీద నిలబడి వచ్చిన తండ్రి పడుకుని ఉంటాడు. తల్లి ఒళ్లో చాట, చేతుల నిండా తంబాకు. కూలి వెయ్యి బీడీల లెక్కన కడతారు కాబట్టి లేచిందంటే ఆ మేరకు పైసలు పోయినట్టే. ఏడాదిన్నర బిడ్డకు చెంచాతో బతిమాలి తినిపించడానికి పూటకు అరగంట పడుతుంది. బాలామృతం పొడిని అక్కాతమ్ముళ్లు పిడికిళ్లతో బుక్కేసి వారంలో ఖాళీ చేస్తారు. ఇందులో ఆ తల్లి తప్పేముంది? సరుకు ఇచ్చాం గానీ, దాన్ని బిడ్డ నోటికి చేర్చే మనిషిని ఇవ్వలేదు.

కేంద్ర ప్రభుత్వం 2022లో మిషన్ శక్తి కింద పాల్నా పేరుతో శిశు సంరక్షణ కేంద్రాలకు వీలు కల్పించింది. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో బీడీలు చుట్టే వాడల నుంచే వాటిని మొదలుపెట్టాలి. బీడీల పని సాగినంతసేపూ కేంద్రం తెరిచి ఉండాలి. మూడేళ్లలోపు పిల్లలకు అక్కడే గుడ్డు చిదిమి, పప్పన్నం మెత్తగా కలిపి తినిపించాలి. ఆ పనికి ప్రత్యేకంగా ఒక ఆయమ్మను పెట్టి, ఆమెకు పూర్తి జీతం ఇవ్వాలి.