ఆఖరి వరసలో కొత్త మనిషి

పామూరు, కనిగిరి, సీఎస్‌పురం వైపు పల్లెల్లో మసీదు గుమ్మం ఎరగని తల్లి అరుదు. పిల్లాడు రాత్రిళ్లు ఉలిక్కిపడి ఏడుస్తుంటే పొద్దుగూకే నమాజు వేళకు చంకనేసుకుని వెళ్లి బయట నిలబడుతుంది. లోపలినుంచి వచ్చేవాళ్లు ఒక్కొక్కరే పిల్లాడి మొహాన ఊది పోతారు. పీర్ల పండగొస్తే పీరుకు నీళ్లు వారబోసేదీ, గుండం చుట్టూ అలాయి తొక్కేదీ ఏ మతం వాళ్లో ఎవరూ అడగరు. అంతవరకూ పేచీ లేదు. ఆ గుమ్మం దాటి, లోపల వరసలో భుజానికి భుజం ఆనించి నిలబడినప్పుడే అసలు సంగతి మొదలవుతుంది.

కలిమా చదవడానికి నిమిషం చాలు. ఆ తర్వాత రోజుకు అయిదు పూటలు. ఫజర్, జొహర్, అసర్, మగ్రిబ్, ఇషా. ఫర్జు నమాజులే లెక్కవేసినా రోజుకు 17 రకాతులు. ఒంటరిగా చదివినదానికన్నా జమాత్‌తో చదివినదానికి 27 రెట్లు పుణ్యమని హదీసు. మగవాళ్లకు జమాత్ తప్పనిసరి అన్న పండితులున్నారు, గట్టి సున్నత్ అన్నవారూ ఉన్నారు. వాదన ఎటు తేలినా, ఇంట్లో తలుపేసుకుని చేసుకునే నమాజు సంగతి ఊరికి తెలీదు. మసీదుకు నడిచిన నడక మాత్రం టీబంకు దగ్గర కూర్చున్న ప్రతివాడికీ కనిపిస్తుంది.

బస్టాండు పక్కన హోటల్లో పనిచేసే పాతికేళ్ల కుర్రాడొకడు కొత్తగా ఇస్లాంలోకి వచ్చాడనుకోండి. తెల్లారుజామున బాంగు వినపడే వేళకు అతని చేతిలో ఇడ్లీ రేకులుంటాయి. జొహర్ వేళకు భోజనాల రద్దీ. మగ్రిబ్ మరీ కష్టం. పొద్దు గూకిన కాసేపటికే జమాత్ నిలబడుతుంది, ఆలస్యానికి చోటుండదు. సరిగ్గా అప్పుడే బజ్జీల మూకుడు దగ్గర జనం మూగుతారు. యజమాని మంచివాడే అనుకుందాం. ‘చదువుకోరా, నాకేం అభ్యంతరం’ అనే అంటాడు. కానీ వుజూ చేసుకుని, వెళ్లి రావడానికి పూటకు అరగంటన్నా పడుతుంది. యజమాని లెక్క యజమానిది.

ఇంట్లో ఇంకో లెక్క. కొడుకు టోపీ జేబులో పెట్టుకుని వెళుతున్నాడని తల్లికి తెలుసు. ఆమెకు దేవుడితో తగువు లేదు. చుట్టాలేమంటారో, చెల్లెలి సంబంధం ఏమవుతుందో అన్నదే బెంగ. దళిత కుటుంబమైతే ఆ బెంగకు చట్టం కూడా తోడవుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మొదట్లో హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. ముస్లింలు, క్రైస్తవులు అందులో లేరు. మతం మారితే హాస్టల్ సీటు, ఉద్యోగం, సర్టిఫికెట్ అన్నీ కదులుతాయి. కాబట్టి మసీదు నడక ఒట్టి నడక కాదు.

ఇవన్నీ దాటి లోపలికి వెళితే భాష. మన వైపు దూదేకుల కుటుంబాల్లో చాలామంది పుట్టు ముస్లింలే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. చిలుకూరి నారాయణరావుగారు ఖురాన్‌ను తెలుగు చేసి ఎన్నో దశాబ్దాలైంది. అయినా చాలా మసీదుల్లో పలకరింపులు, మందలింపులు ఉర్దూలోనే. నమాజు సగంలో వచ్చినవాడు ఇమాం ఏ భంగిమలో ఉంటే అందులో కలవాలి. రుకూలో అందుకుంటే ఆ రకాతు దక్కినట్టే. సజ్దాలో కలిస్తే ఆ రకాతు లెక్కకు రాదు, ఇమాం సలాం చెప్పాక లేచి పూర్తి చేసుకోవాలి. పుట్టినప్పటినుంచి చూస్తున్నవాడికి ఇది ఊపిరంత తేలిక. కొత్తవాడికి కదిలే బస్సెక్కడమే. చేతులు ఎక్కడ కట్టాలో ఒకాయన ఒకటి చెబుతాడు, పక్కాయన ఇంకోటి. ప్యాంటు మడమ కిందికుందని మూడో ఆయన గుర్తుచేస్తాడు. అందరిదీ మంచి ఉద్దేశమే. అందరూ ఒకేసారి చెప్పడమే తంటా.

పెద్దపెద్దవాళ్లకే ఈ తంటా తప్పలేదు. అమెరికాలో ఏళ్ల తరబడి ఒక ముస్లిం సంస్థకు బోధకుడిగా ఉన్న మాల్కం ఎక్స్, ఆ సంస్థను వదిలి 1964లో హజ్‌కు వెళ్లాక గానీ తనకు నమాజు పద్ధతి రాదని తెలుసుకోలేదు. నేలమీద కూర్చోవడం అలవాటు లేక కాళ్లు నొప్పులు పుట్టాయని ఆత్మకథలో చెప్పుకున్నాడు. 1917లో ఇస్లాం స్వీకరించిన ఇంగ్లిషు రచయిత పిక్తాల్‌కు మన హైదరాబాదులో నిజాం కొలువు దొరికింది. చాదర్‌ఘాట్ హైస్కూలుకు ప్రధానోపాధ్యాయుడిగా ఉన్నాడు. ఖురాన్ ఇంగ్లిషు అనువాదం 1930లో అచ్చయింది. నిజాం యజమాని అయితే వేరు. ఇడ్లీ పొయ్యి దగ్గర వేరు.

ప్రవక్త కాలంలోనూ ఇదే జరిగింది. ముఆవియా బిన్ హకం అనే కొత్త ముస్లిం ఒకాయన, జమాత్‌లో పక్కవాడు తుమ్మితే నమాజు మధ్యలోనే పైకి దీవించాడు. అందరూ గుడ్లురిమారు. ఎందుకలా చూస్తున్నారని ఇంకా గట్టిగా అడిగాడు. తొడలు చరిచి ఊరుకోబెట్టారు. నమాజు అయ్యాక ప్రవక్త అతన్ని కసరలేదు, కొట్టలేదు. నమాజులో మనుషుల మాటలు తగవని, అది దైవస్మరణకేనని నెమ్మదిగా చెప్పారు. అంతకన్నా మంచి గురువును చూడలేదని ఆ తర్వాత ముఆవియానే చెప్పుకున్నాడు.

ఇంకో సంగతి మన రైతులకు బాగా అర్థమవుతుంది. పొద్దంతా ఒంటెలతో నీళ్లు తోడి అలిసిపోయిన ఒకతను రాత్రి నమాజుకు వచ్చాడు. ముందు నిలబడిన ముఆజ్ చాలా పెద్ద సూరా ఎత్తుకున్నాడు. ఆ మనిషి ఓపలేక వరస విడిచి, విడిగా నమాజు చేసుకుని వెళ్లిపోయాడు. తగువు ప్రవక్త దగ్గరికి పోయింది. చీవాట్లు తిన్నది వెళ్లిపోయినవాడు కాదు, ముఆజ్. వెనక ముసలివాళ్లు, బలహీనులు, పని ఉన్నవాళ్లు ఉంటారు, చిన్న సూరాలు చదవమని చెప్పారు. మరోపక్క, చేయిపట్టి తీసుకొచ్చే మనిషి లేడన్న అంధుడికి, అజాన్ వినపడుతోందా అని అడిగి, వినపడితే రమ్మన్నారు. కమిటీ పెద్దలకు సాధారణంగా ఈ రెండోదే ముందు గుర్తొస్తుంది.

ఆ హోటలు కుర్రాడికి ఖాయంగా దొరికేది ఇషా ఒక్కటే, అదీ గల్లా కట్టేశాక. మిగతా నాలుగింటికి ఎవరైనా తోడు పిలుపు వేయాలి, ఒకరు మాత్రమే నేర్పాలి, అదీ తెలుగులో. చాలా మసీదుల్లో గోడమీద జమాత్ వేళలు చూపే గడియారాల బొమ్మలుంటాయి. కింద ఏ నమాజో ఉర్దూలోనే రాసి ఉంటుంది. ఆ అయిదు పేర్లూ తెలుగులో కూడా రాయించడానికి డబ్బా రంగులో పావు వంతు కూడా పట్టదు.