తరంగంబాడి రాజవీధి

డేనులు వర్తకమునకై వచ్చిరి, 1845లో ఊరిని ఇంగ్లీషు కంపెనీకి అమ్మి వెడలిరి అని చెప్పి చరిత్రోపాధ్యాయుడు పుట త్రిప్పును. తమిళనాడు తీరమున నున్న తరంగంబాడికి మన తరగతిగదులలో దక్కునది ఆ వాక్యమే. పట్టణపు నడుమ నిలిచి చూచినవారికి అది చాలదు.

1792లో కట్టిన నగరద్వారముపై డెన్మార్కు రాజముద్ర నేటికిని కన్పించును. ఆ ద్వారము దాటి రాజవీధి వెంట తిన్నగా నడచినచో సముద్రమే ఎదురగును. త్రోవలో 1701 నాటి సీయోను చర్చి, 1718 నాటి నూతన యెరూషలేము చర్చి ఉన్నవి. రెండవదానిని కట్టించిన సీగెన్‌బాల్గ్ సమాధియు అందులోనే కలదు. తుదకు, కడలియొడ్డున డాన్స్‌బర్గ్ కోట. దీనికి చోటిచ్చినవాడు తంజావూరి రఘునాథనాయకుడు. 1620లో ఆయన డేనుల రాజగు నాల్గవ క్రిస్టియనునకు బంగారు రేకుపై పంపిన తమిళలేఖ కోపెన్‌హేగనులో భద్రముగా నున్నది. తెలుగున వాల్మీకి చరిత్రము రచించిన ప్రభువీయనయే. మనకు కవి, డేనులకు మాత్రము ఏటేట కప్పము కట్టించుకొనిన స్థలయజమాని! 1719లో ఈ ఊరికి వచ్చిన బెంజమిన్ షుల్జ్, తరువాత మద్రాసులో తెలుగు నేర్చి, 1746-47లో జర్మనీలోని హాలే నగరమున తెలుగు పుస్తకములు అచ్చువేయించెను. ఇంతటి చుట్టరికమును మనము మరచితిమి.

సముద్రము ఈ ఊరిని మెల్లమెల్లగా కోయుచున్నది. 14వ శతాబ్ది ఆరంభమున పాండ్యులనాడు వెలసిన మాసిలామణినాథుని ఆలయములో కొంతభాగము అలల పాలైనది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత లోకదృష్టి ఇటు మరలినది. కోటకు మరమ్మతులు జరిగినవి, ఒక దొరల బంగళా హోటలైనది. కంసాలి వీధిలోని అరుగుల యిండ్లు కొన్ని ఇంటాక్ సంస్థ చేతిలో బాగుపడినవి. మా దృష్టిలో అన్నిటికంటె పెద్దపని ఇదియే. కోటకు ప్రభుత్వము దిక్కు, చర్చికి సంఘము దిక్కు. పెంకుటింటికి గృహస్థు తప్ప వేరు దిక్కెవరు? కప్పు కారినప్పుడు ఆతనికి అందుబాటులో నుండునది సిమెంటు. సున్నముతో కట్టిన గోడకు సిమెంటు పూసినచో తేమ వెలికి పోజాలక లోని ఇటుక చివికిపోవును. కొన్నేండ్లకు గోడయే పడును. దానితో అరుగును పోవును.

తంజావూరికి పిల్లలను విహారయాత్రకు గొనిపోవు ఉపాధ్యాయులు మరియొక పూట కేటాయించి, కోట చూపినపిదప కంసాలి వీధిలోనికిని మరలింపవలెనని మా కోరిక. ఇక ప్రభుత్వమునకు మా విన్నపము: పాత యింటిని పడగొట్టరాదని శాసించిన చాలదు, సున్నపు పని తెలిసిన మేస్త్రీ కూలిలోను, పెంకుల ఖరీదులోను కొంత పాలు తానును భరింపవలెను.