అలీ సంతకం ఎందుకు చిన్నదైపోయింది?

మీ పర్సులో పాన్ కార్డు ఉందా? ఒక్కసారి తీసి అందులో మీ సంతకం చూడండి. ఇప్పుడు ఏదైనా కాగితం మీద మళ్లీ సంతకం పెట్టండి. రెండూ ఒకేలా ఉన్నాయా? చాలామందికి ఉండవు. నాకైతే అస్సలు లేవు. ఆ మధ్య బ్యాంకులో ఒక ఫారం మీద నాతో మూడుసార్లు సంతకం పెట్టించారు. "పాతదానితో కలవట్లేదండీ" అంది కౌంటర్‌లో అమ్మాయి. పన్నెండేళ్ల కిందటి నన్ను ఇప్పుడు ఎక్కణ్నుంచి తెచ్చేది?

అప్పుడప్పుడూ సంతకం పెట్టే మనకే ఇలా ఉంటే, జీవితాంతం ఆటోగ్రాఫులు ఇచ్చే ఆటగాళ్ల సంగతేంటి? ఆ డౌటుతో పాత ఆటోగ్రాఫుల ఫొటోలు వెతకడం మొదలుపెట్టాను. ఎక్కువసేపు ఆగిపోయింది మాత్రం బాక్సర్ ముహమ్మద్ అలీ దగ్గర. అతని సంతకాలు వరసగా పెట్టి చూస్తే ఒక జీవితకథ చదివినట్టే ఉంటుంది.

1960లో రోమ్ ఒలింపిక్స్‌లో గోల్డ్ మెడల్ కొట్టినప్పుడు అతనికి 18 ఏళ్లు. అమెరికాలోని లూయివిల్ కుర్రాడు. పేరు కాషియస్ క్లే. ఆటోగ్రాఫ్ అడిగితే ఆ పేరే రాసేవాడు. 1964 ఫిబ్రవరి 25న మయామీలో సోనీ లిస్టన్‌ను ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ వెంటనే, మార్చి మొదట్లో పేరు మారింది. క్లే అనేది బానిసత్వం అంటగట్టిన పేరు, అది నాకొద్దు అన్నాడు. నల్లజాతి బానిసలకు వాళ్ల యజమానుల ఇంటిపేర్లే తగులుకున్న దేశం మరి!

పేరు మార్చుకోవడం ఒక ఎత్తు, దాన్ని జనంతో పిలిపించుకోవడం ఇంకో ఎత్తు. చాలా పత్రికలు ఏళ్ల తరబడి 'క్లే' అనే రాశాయి. 1967లో ఎర్నీ టెర్రెల్ అనే బాక్సర్ కూడా మ్యాచ్‌కు ముందు పాత పేరుతోనే పిలిచాడు. 15 రౌండ్లు సాగిన ఆ మ్యాచ్‌లో అలీ అతన్ని కొడుతూ "నా పేరేంటి?" అని అడిగాడు. ఇది చదివాక, ఆ రోజుల్లో అలీ ఇచ్చిన ఆటోగ్రాఫులు నాకు వేరేగా కనిపించాయి. పత్రికలు ఒప్పుకోకపోయినా పెన్ను అతని చేతిలోనే ఉంది కదా!

ఇక్కడో తమాషా ఉంది. చాలా ఏళ్ల తర్వాత అభిమానులు, వ్యాపారులు అడిగితే అలీ కొన్ని వస్తువుల మీద పాత పేరుతోనూ సంతకం పెట్టాడు. అందుకే కాషియస్ క్లే అని ఉన్నంత మాత్రాన అది 1964కు ముందుదని నమ్మడానికి లేదు. పేరు పాతదే అయినా అక్షరాలు వయసు చెప్పేస్తాయి. తెలిసినవాళ్లు పేరు కాదు, చేతివాటం చూస్తారు.

సరే, పేరు మారితే సంతకం మారుతుంది. మారనివాళ్లకు? వాళ్ల సంతకాన్ని ఎక్కువగా తినేసేది తొందర. కొత్తలో ఎవరైనా అడిగితే చాలు, ఆనందంగా పేరంతా గుండ్రంగా రాస్తారు. ఫేమస్ అయ్యాక వందల చేతులు ముందుకొస్తాయి. అప్పుడు మొదటి అక్షరం, ఒక గీత, కింద జెర్సీ నంబరు. అంతే, అయిపోయింది.

అమెరికా బేస్‌బాల్‌లో హార్మన్ కిల్‌బ్రూ అని ఒకాయన ఉండేవాడు. 573 హోమ్‌రన్లు కొట్టాడు. హోమ్‌రన్ అంటే మన సిక్సర్ లాంటిదనుకోండి. తను ఆడిన మిన్నెసోటా ట్విన్స్ జట్టులోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ల సంతకాలు చూసి క్లాసు పీకేవాడట. ఎవరి పేరో తెలియకపోతే ఆ పిల్లాడు దాన్ని దాచుకుని ఏం చేస్తాడన్నది ఆయన పాయింటు. టోరీ హంటర్ లాంటి స్టార్ కూడా ఆ మాట విని సంతకం మార్చుకున్నాడు. మనకు తెలిసిన డాన్ బ్రాడ్‌మన్ కూడా అదే కోవ. రిటైరయ్యాక దశాబ్దాల పాటు అభిమానుల ఉత్తరాలకు కూర్చుని జవాబులు రాశాడు, సంతకాలు పెట్టి పంపాడు. అంటే తొందరను మనం ఆపుకోవచ్చు.

ఆపుకోలేనిది ఇంకోటి ఉంది. మళ్లీ అలీ దగ్గరకే రావాలి. 1981లో చివరి మ్యాచ్ ఆడాడు. 1984లో, 42 ఏళ్లకే, పార్కిన్సన్స్ జబ్బు లక్షణాలున్నాయని డాక్టర్లు తేల్చారు. ఈ జబ్బులో కదలికలను అదుపు చేసే డోపమైన్ అనే రసాయనం మెదడులో తగ్గిపోతుంది. అడుగులు చిన్నవవుతాయి, గొంతు చిన్నదవుతుంది, చేతిరాత కూడా చిన్నదవుతుంది. లైను మొదట్లో మామూలుగా ఉన్న అక్షరాలు చివరికొచ్చేసరికి చీమల్లా అయిపోతాయి. డాక్టర్లు దీన్ని మైక్రోగ్రాఫియా అంటారు.

1970ల్లో అలీ సంతకం కాగితం మీద బారుగా, ధీమాగా పరుచుకుని ఉంటుంది. తర్వాతి దశాబ్దాల్లో అదే పేరు ముడుచుకుపోయి, వణుకుతూ కనిపిస్తుంది. అయినా ఆటోగ్రాఫులు ఇవ్వడం మానలేదు. ముందే సంతకాలు పెట్టిన ఇస్లాం కరపత్రాలు దగ్గర పెట్టుకుని, కలిసినవాళ్లకు పంచేవాడు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో వణికే చేతులతో జ్యోతి వెలిగించింది ఆ మనిషే. తన జబ్బును దాచుకోలేదు, ఆ చేతిని కూడా దాచుకోలేదు.

ఇదంతా చదివాక నాకు ఇంకో ఆలోచన వచ్చింది. ఒకప్పుడు ఇంట్లో పెద్దవాళ్ల రాత రోజూ కళ్లముందే ఉండేది. పాల లెక్క, సరుకుల చీటీ, ఉత్తరం, చెక్కు. ఇప్పుడు అన్నీ ఫోన్‌లోనే. డబ్బులు ఫోన్‌పేలో, కబుర్లు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో. మీ నాన్నగారి చేతిరాత ఆఖరిసారి ఎప్పుడు చూశారు? చెప్పలేకపోతున్నారు కదా! నేనూ అంతే. అది చిన్నదవుతున్నా మనకు తెలిసే దారి లేదు.

కంగారు పడొద్దు. రాత మారిన ప్రతివాళ్లకూ జబ్బున్నట్టు కాదు. కళ్లు ఆనకపోవడం, కీళ్లనొప్పులు, అలవాటు తప్పడం, ఇలా కారణాలు చాలా ఉంటాయి. కానీ అక్షరాలు రానురాను చిన్నవవుతూ, దానికి తోడు చేతి వణుకో, నడకలో నెమ్మదో కనిపిస్తే, వయసు మీద పడిందిలే అని వదిలేయకుండా న్యూరాలజిస్ట్‌కు చూపించండి.

ఈ వారం ఇంటికెళ్తే అమ్మతోనో నాన్నతోనో సరుకుల లిస్టు రాయించండి. ఎందుకురా అంటే, ఆటోగ్రాఫ్ కావాలని చెప్పండి. ఫొటో తీసి ఫోన్‌లో దాచుకోండి. అన్నట్టు, కింద సంతకంతో పాటు తేదీ కూడా వేయించండి. వచ్చే ఏడాది పక్కన పెట్టి చూసుకోవడానికి పనికొస్తుంది.