సంతకానికి ముందే సలహా ఇప్పించండి

గౌరవనీయులైన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా కలెక్టర్ గారికి,

విషయం: డిజిటల్ వీడియోలు చేసుకుని బతికేవారికి చట్టం, పన్ను, ఒప్పందాలపై తెలుగులో సలహా కేంద్రం కోసం వినతి.

చెంగిచెర్ల, మేడిపల్లి, ఉప్పల్, నాచారంలలో అద్దె గదుల్లో, డాబాల మీద వీడియోలు తీసి ఇల్లు గడుపుకుంటున్నాం. పని సొంతంగా నేర్చుకున్నాం. దాని చుట్టూ ఉన్న చట్టం మాత్రం నోటీసు వచ్చాకే తెలుస్తోంది.

బోనాలప్పుడు మాలో ఒకరు ఫలహారం బండి ఊరేగింపు తీశారు. డీజేలో మోగిన సినిమా పాట నలభై సెకన్లు అందులో పడింది. మర్నాడే కాపీరైట్ క్లెయిమ్ వచ్చి, ప్రకటనల డబ్బు పాట హక్కుదారులకు పోయింది. ఛానలే పోతుందేమోనని భయపడి వీడియో తీసేశారు. కానీ క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానల్‌కు ముప్పు. ఆ పాట వరకు మ్యూట్ చేస్తే సరిపోయేది. ఆ మాట చెప్పే మనిషే లేరు.

ఒప్పందాల గోస ఇంకా పెద్దది. ఒక సంస్థ పంపిన పదకొండు పేజీల ఇంగ్లిష్ కాగితం మీద మా తమ్ముడొకడు ఫోన్‌లోనే సంతకం చేశాడు. అతని వీడియోల మీద హక్కులు శాశ్వతంగా సంస్థవేనని తొమ్మిదో పేజీలో ఉంది. గడువు రాయకుంటే బదిలీ ఐదేళ్లకే పరిమితమని 1957 కాపీరైట్ చట్టం చెబుతోంది. కానీ వాళ్లు 'శాశ్వతం' అని రాసేశారు.

2025 మార్చిలో పంజాగుట్ట, మియాపూర్ ఠాణాల్లో బెట్టింగ్ యాప్‌ల ప్రమోషన్లపై కేసులు పడ్డాయి. ఆ తప్పును మేం వెనకేసుకు రావడం లేదు. అప్పులపాలైన కుటుంబాలు మా బస్తీల్లోనూ ఉన్నాయి. కానీ తెలంగాణలో ఆన్‌లైన్ బెట్టింగ్‌పై 2017లోనే నిషేధం వచ్చిందని ముందే చెప్పి ఉంటే కొందరు ఆగేవారు. పన్ను సంగతీ అంతే. ప్రమోషన్‌కు ఇచ్చిన ఫోన్ ఉంచేసుకుంటే, ఏడాదిలో అలాంటివాటి విలువ 20,000 రూపాయలు దాటితే 10 శాతం టీడీఎస్ ఉంటుందనీ చాలామందికి తెలియదు.

అందుకే నెలకు రెండు రోజులు మేడిపల్లి మండల కార్యాలయంలో ఒక న్యాయవాదిని, ఒక ఆడిటర్‌ను కూర్చోబెట్టాలి. 1987 న్యాయ సేవల చట్టం కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. దాన్నే మా దగ్గరికి తెమ్మంటున్నాం. తెలుగులో నమూనా ఒప్పందం అచ్చువేయించి ఇవ్వాలి. మొదటి శిబిరం బోనాలకు ముందే పెట్టించగలరని ప్రార్థన.

ఇట్లు,
చెంగిచెర్ల పరిసరాల వీడియో క్రియేటర్లు