కొనువారు కొద్దిమంది యైనను సరకు సరకే

పెద్ద సంతకు వచ్చు సరకును గూర్చి ఊరెల్ల మాటలాడును. చిన్న సంతకు వచ్చు సరకును గూర్చి దానిని కొనువారు తప్ప అన్యులు పలుకరు. ఈ వారము మేము అట్టి చిన్నసంత సరకొకదానిని గూర్చి వ్రాయదలచితిమి. అది ఆస్ట్రేలియా, న్యూజీలాండు, ఉత్తర ఇంగ్లండు ప్రాంతములలో జనులు ఇంటి టెలివిజనుకు యంత్రము తగిలించి ఆడుకొను రగ్బీ లీగు వీడియో ఆట. మన కుటుంబముల పిల్లలు కొందరు సిడ్నీ, బ్రిస్బేను, ఆక్లండు నగరములలో కాపురములుండుటచే దీని పేరు మన యిండ్లలోను అప్పుడప్పుడు వినవచ్చుచున్నది. పిల్లల కాలక్షేపమని పెద్దలు దీనిని త్రోసివేయుదురు. మాకు మాత్రము అమ్మువారును కొనువారును కూడ ఆలోచింపదగిన న్యాయమొకటి ఇందు కనుపించుచున్నది.

మొదట అసలు ఆట సంగతి. రగ్బీ అను పేర రెండు ఆటలు కలవు. జట్టునకు 15 మంది ఆడునది రగ్బీ యూనియను; 13 మంది ఆడునది రగ్బీ లీగు. 1895 ఆగస్టు 29వ తేదీన ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డు పట్టణమున జార్జి హోటలులో ఉత్తరప్రాంతపు జట్ల ప్రతినిధులు సమావేశమై పాత సంఘము నుండి వేరుపడిరి. కారణము కూలి. బొగ్గుగనులలోను మిల్లులలోను పాటుపడువారు ఆటకై పని మానినచో ఆ పూట కూలి పోవును. ఆ నష్టమును జట్టు పూడ్చుట న్యాయమని వీరు కోరిరి. డబ్బు పుచ్చుకొని ఆడుట తగదని పాత సంఘపు పెద్దలు కాదనిరి. వేరుపడినవారు 1906లో జట్టునకు 13 మందినే ఉంచి ఆటను వేగవంతము గావించిరి. 1908లో సిడ్నీ నగరమున పోటీలు ఆరంభమయ్యెను. పాపువా న్యూగినీ దేశమున నేడు ఇదియే జాతీయక్రీడగా మన్నన పొందుచున్నది. ఆడు దేశములు కొద్దియే యైనను, ఆడుచోట మాత్రము ఇది ఊరి పరువుతో ముడివడిన ఆట.

దీని పద్ధతి తేలికగనే బోధపడును. బంతిని చంక నిడుకొని ముందునకు పరుగెత్తవచ్చును. కాని తోడివానికి చేతితో విసరునపుడు ముందునకు విసరరాదు. ఎదిరిపక్షమువారు పట్టి నిలిపినచో, మన చెడుగుడులో చిక్కినవానివలె బయటికి పోనక్కరలేదు. లేచి నిలిచి, బంతిని కాలితో వెనుకకు దొర్లించి ఆట సాగింపవచ్చును. ఇట్లు ఆరుమారులు చిక్కినచో బంతి ఎదిరివారి పాలగును. కావున ఐదవ పట్టు కాగానే బంతిని దూరముగ తన్నుట పరిపాటి. వీడియో ఆటకును ఈ లెక్కయే ప్రాణము. చేతిలో మీటలు పట్టుకొని కూర్చున్నవాడు ఎన్నవ పట్టు నడచుచున్నదో, ఎవనికి బంతి నందింపవలెనో క్షణములో తేల్చుకొనవలెను. దీనిని యంత్రమునకు నేర్పుట సులభము కాదు. 26 మంది పరుగు, పట్టు, పాటు, లేచుట అన్నియు ఈ ఆటకై వేరుగ కూర్పవలెను. ఫుట్‌బాలుకు కూర్చినది ఇక్కడ అతుకదు.

మరి దీనిని ఎవరు చేసిరి? ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అను అమెరికా సంస్థ 1995లో సేగా మెగా డ్రైవ్ యంత్రమునకై ఆస్ట్రేలియను రగ్బీ లీగు ఆట నొకదానిని వెలువరించెను. అయినను ప్రపంచమంతట అమ్ముడుపోవు ఫుట్‌బాలువంటి ఆటలకు ఆ సంస్థలో లభించు స్థానము దీనికి దక్కలేదు. లోటును తీర్చినవారు ఇరుగుపొరుగువారే. న్యూజీలాండు రాజధాని వెలింగ్టనులో 1997లో వెలసిన షీ ఇంటరాక్టివ్ అను చిన్న సంస్థ, నేడు పిక్‌పాక్ అను పేర నున్నది, 2003లో ప్లేస్టేషన్ 2, ఎక్స్‌బాక్స్ యంత్రములకును కంప్యూటరుకును రగ్బీ లీగు ఆటను తయారుచేసెను. దానిని ప్రకటించినది ఆస్ట్రేలియా సంస్థ. ఒకే సరకును న్యూజీలాండులో అచటి ప్రసిద్ధ క్రీడాకారుడు స్టేసీ జోన్స్ పేరనూ, ఆస్ట్రేలియాలో అచటి జాతీయ లీగు పేరనూ అమ్మిరి. ఏ ఊరివారికి ఏ పేరు ప్రియమో ఎరిగిన వర్తకుని పని ఇది. 2005లో రెండవ ఆట వచ్చెను. తరువాత మెల్బోర్ను నగరపు బిగ్ యాంట్ స్టూడియోస్ ఈ పని చేపట్టి రగ్బీ లీగ్ లైవ్ అను పేర 2010, 2012, 2015, 2017 సంవత్సరములలో నాలుగు ఆటలు వెలువరించెను.

కొనువారు కొద్దిమంది యైనచో చిక్కు ఎక్కడ వచ్చునో మావంటి వర్తకులకు విడమరచి చెప్పనక్కరలేదు. క్రొత్త నమూనాకై మగ్గమును సిద్ధపరచు శ్రమ పది చీరలకైనను వేయి చీరలకైనను ఒక్కటే. వేయి నేసినవాడు ఆ ఖర్చును వేయిమందికి పంచును. పది నేసినవాడు పదిమందికే పంచవలెను. వీడియో ఆటయు అంతే. దానిపై జట్ల పేర్లు, గుర్తులు, దుస్తులు, క్రీడాకారుల ముఖములు వాడుకొనుటకు హక్కులు కొనవలెను. ఆ హక్కులు దేశమున కొక సంఘము చేతిలో నుండును. పెద్ద సంస్థ లీగు వైపు చూడకుండుటకు కారణము ద్వేషము కాదు, లెక్క. ఆ లెక్క తెలిసియు పనికి పూనుకొన్న వెలింగ్టను, మెల్బోర్ను వారిని మేము మనసార అభినందించుచున్నాము.

అయితే కథ అంతటితో ముగియలేదు. ఈ సరకును నిలిపినవారు తయారీదారులు మాత్రమే కారు, కొన్నవారు కూడ. 2015 నాటి ఆటలో ఫ్యాన్ హబ్ అను ఏర్పాటు నొకదానిని కూర్చిరి. దాని సహాయమున కొన్నవాడు తానే క్రీడాకారులను, జట్లను, గుర్తులను రూపొందించి ఇతరులకు పంచవచ్చును. ఇది ఎంత అక్కరకు వచ్చెనో తరువాతి యేండ్లు చూపినవి. 2017 నాటి ఆట పిమ్మట క్రొత్తది 2025లో గాని రాలేదు. ఈ ఎనిమిదేండ్లలో అసలు ఆట ఆగునా? 2018లో ఆస్ట్రేలియా జాతీయ లీగులో స్త్రీల పోటీలు మొదలయ్యెను. 2023లో డాల్ఫిన్స్ అను జట్టు చేరి, 16 జట్లు 17 అయ్యెను. క్రీడాకారులు యేటేట జట్లు మారిరి. పెట్టెలోని ఆట మాత్రము 2017 దగ్గరనే నిలిచెను. దానిని నడుచుచున్న కాలముతో కలిపినవారు రాత్రులు కూర్చుండి పేర్లు, దుస్తుల రంగులు, గుర్తులు దిద్దిన అభిమానులు. వారికి కూలి లేదు. కూలి కొరకు వేరుపడిన ఆటకు కూలి లేని చాకిరి ఆధారమగుట వింతయే కదా!

ఇది మన యువకులకు తెలియని సంగతి కాదు. ఇదే బిగ్ యాంట్ సంస్థ 2014లో డాన్ బ్రాడ్‌మన్ పేర క్రికెట్టు ఆటను తెచ్చినపుడు, హక్కులు లేక అనేక జట్ల క్రీడాకారుల నిజనామములు అందు లేకపోయెను. ఆ ఖాళీలను నింపినవారును కొన్నవారే.

ఇక్కడ మా అభిప్రాయము స్పష్టముగ చెప్పుచున్నాము. కొనువాడు ప్రేమతో చేసిన పనిని మేము తప్పుపట్టము. తన ఊరి జట్టు బొమ్మను తానే దిద్దుకొనుటలో ఒక ఆనందము కలదు. కాని ఆ ప్రేమను సరకు లోటునకు పూతగా వాడుకొనుట అన్యాయము. సగము కుట్టిన చొక్కాను అమ్మి, సూదిదారము కూడ ఇచ్చితిమి గదా యనుట వర్తకధర్మము కాదు. కొద్దిమంది కొందురు గనుక కొద్దిపాటి నాణ్యము చాలునను వాదమును మేమొప్పుకొనము. ఎందుకనగా కొద్దిమందిలో ఒక్కొక్కడు చెల్లించు వెల కొద్దిది కాదు. అతనికి వేరొక అంగడియు లేదు. వేరొక అంగడి లేనివానికి తూకము మరింత సరిగ తూచవలెను.

అంతకంటె ముఖ్యమైన మాట ఒకటి. అభిమానులు చేసిన కూర్పులు సంస్థవారి దూరపు యంత్రములలో నిలువయుండును. నిలువ ఖర్చు గిట్టుబాటు కాదని ఒకనాడు ఆ యంత్రమును ఆపినచో, ఆటను కొన్నవాని పెట్టె మిగులును గాని పదిమంది యేండ్ల తరబడి కూర్చినది ఏమగును? బిగ్ యాంట్ సంస్థను 2021లో ఫ్రాన్సు దేశపు నేకాన్ సంస్థ కొన్నది. యజమానులు మారుట వర్తకమున సహజము. కాని యజమాని మారినను కొన్నవాని శ్రమ అతనిదే. ఆ కూర్పులను తన యింటి యంత్రములోనే భద్రపరచుకొని, తోడివానికి నేరుగ ఇచ్చు వీలు ప్రతి ఆటలోను ఉండవలెను. ఇది దయగా ఇచ్చునది కాదు, అప్పు తీర్చుట.

తయారీదారుల పక్షమునను ఒకమాట చెప్పవలెను. 2025లో రగ్బీ లీగ్ 26 అను పేర వచ్చిన ఆటలో ఆస్ట్రేలియా జాతీయ లీగు పురుషుల జట్లతోపాటు స్త్రీల జట్లును, ఇంగ్లండు సూపర్ లీగు జట్లును చోటుచేసికొన్నవి. ఇన్ని హక్కులను ఒకచోట చేర్చుట చిన్నపని కాదు. లోటులను చాటినవారు ఈ మేలును కూడ చాటవలెను. దొంగప్రతి తెచ్చుకొని సరకు బాగులేదని దూషించువానికి అడుగు హక్కు లేదు. చిన్నసంతలో ఒక్కొక్క న్యాయమైన కొనుగోలు మరుసటి సరకునకు పెట్టుబడి.

2028లో పాపువా న్యూగినీ జట్టు ఆస్ట్రేలియా జాతీయ లీగులో దిగుటకు నిర్ణయమైనది. పోర్టు మోర్స్‌బీ నగరమున ఒక బాలుడు ఆనాడు టెలివిజను ముందు కూర్చుండి తన జట్టు పేరును వెదకును. అది సంస్థవారు సిద్ధపరచి ఉంచినదై కనబడవలెను గాని, ఎవరో పుణ్యాత్ముడు దిద్ది పెట్టినచో కనబడునది కారాదు. కొద్దిమంది ఆటయైనను ఆ బాలునకు అదియే ఆట. సరకు తయారుచేయువారు ఈ సంగతిని మనసున నుంచుకొందురు గాక యని మా మనవి.