స్నానపుగది తలుపు

ఈ మాసము వంటను గూర్చి గాని కుట్టుపనిని గూర్చి గాని వ్రాయక, పిల్లలు చూచెడి ఒక బొమ్మల కథను గూర్చి వ్రాయబూనితిని. ఇంట చిన్నవారు గలవారు డోరేమాన్ అను నీలిరంగు పిల్లిని ఎఱుగకపోరు. వేసవి సెలవులకు మాయింటికి వచ్చిన మనుమడును మనుమరాలును ప్రతి సాయంకాలమును దాని యెదుటనే కూర్చుండెడివారు. మొదట విసుగుకొన్నదానను, నాలవనాటికి తోటకూర యేరుకొను నెపమున నేనును వారిప్రక్కకు చేరితిని.

దీనిని కల్పించినవాడు హిరోషి ఫుజిమోటో అను జపాను చిత్రకారుడు. ఫుజికో ఫుజియో అను పేరున 1969వ సంవత్సరాంతమున పిల్లల పత్రికలలో ఆరంభించి, 1996లో మరణించు వరకును ఆ పిల్లిని విడువలేదు. 1979 నుండి అది టెలివిజనులో స్థిరపడినది. మన దేశమునకు 2005లో వచ్చినది. ఇరువదిరెండవ శతాబ్దమునుండి వచ్చిన యీ యంత్రపు పిల్లి పొట్టమీది సంచిలో లేని వస్తువు లేదు. నోబితా అను బాలుడు చదువున వెనుకబడినవాడు, ఊరకే యేడ్చువాడు. జియాన్ వానిని కొట్టును, సునియో ఎగతాళి చేయును, పిల్లి కాపాడును. కథ యింతియే.

ఇంతియే యని తేలికగా అనరాదు. నోబితా కాలయంత్రమెక్కి, చనిపోయిన తన నాయనమ్మను చూడబోవు కథ యొకటి కలదు. మనుమడు సంచి తగిలించుకొని బడికిపోవుట చూడవలెనని ఆమె కోరిక. వాడు మరల ఇంటికి పరుగెత్తి, సంచి వీపున వేసికొని వచ్చి ఆమె యెదుట నిలుచును. ఆనాడు తోటకూర తోటకూరగనే యుండిపోయినది. నేను పైటచెఱగుతో కన్నులు తుడుచుకొనుట చూచి పిల్లలు నవ్విరి.

ఇట్టి కథలో ఒక దృశ్యము మాటిమాటికి వచ్చుచుండును. షిజుకా యను బాలిక నోబితాకు స్నేహితురాలు; బుద్ధిమంతురాలు, స్నానమన్న మిక్కిలి ప్రీతి. డోరేమాన్ వద్ద గులాబిరంగు తలుపొకటి యున్నది; ఎచ్చటికి పోదలచి తెఱచిన అచ్చటికే అది తెఱచుకొనును. నోబితా ఆ తలుపు తెఱచుకొని షిజుకా స్నానపుగదిలో పడును. ఆ పిల్ల కేకవేసి నీళ్లు చల్లును, వాడు పరుగెత్తును. అందఱును నవ్వవలెను. మరుక్షణమున కథ తన దారిన తాను పోవును.

మా మనుమడు నవ్వినాడు. మనుమరాలు నవ్వలేదు, కొంతసేపటికి, "అమ్మమ్మా! ఆ అమ్మాయి గడియ ఎందుకు వేసికోదు?" అని యడిగినది.

నా చేతిలోని కాడ చేతిలోనే యుండినది. ఆ తలుపునకు గడియ యేమి చేయగలదు? గోడలోనుండియైనను వచ్చునది గదా! లోనికి చొచ్చినవాడు వాడు. తప్పు మాత్రము గడియ వేయని పిల్లదని తొమ్మిదేండ్ల బాలికకు అప్పుడే తోచినది. ఈ మాట ఆమె ఎవరివద్ద నేర్చినదో నేనడుగలేదు. మన యిండ్లలోనే వినియుండును.

స్నానదృశ్యమన్నంతనే జపానువారిని నిందింపబోవలదు. వారికి సాయంకాలపు స్నానము పెద్ద ముచ్చట. తొట్టివెలుపలనే ఒడలు శుభ్రముగా తోముకొని, పిదప వేడినీటి తొట్టిలో సేదదీరుదురు. ఆ నీటినే యింటివారందఱును వరుసగా వాడుకొందురు. చిన్నపిల్లలు తలిదండ్రులతో కలిసి స్నానమాడుట అచ్చట విడ్డూరము గాదు. మన పల్లెలలోను నూతిగట్టున పిల్లల స్నానములు చూడనివారెవరు? నన్ను నొప్పించినది స్నానము గాదు, ఆ కేక. వలదని పిల్ల అరచుటయే హాస్యమైనది. మఱల రెండు వారములకు అదే తలుపు, అదే కేక, అదే నవ్వు.

చిత్రమేమనగా, ఈ కథయే మఱియొకచోట వేఱుగా పలుకును. షిజుకాకును నోబితాకును పెండ్లి జరుగబోవు ముందునాటి రాత్రి కథ యొకటి కలదు. 1999లో చిన్న చలనచిత్రముగను వచ్చినది. అందు షిజుకా తండ్రి, పరుల సుఖమును కోరి, పరుల దుఃఖమునకు తాను దుఃఖించువాడని అల్లుని మెచ్చుకొని కూతునకు ధైర్యము చెప్పును. ఆ తండ్రికి ఈ స్నానపుగది సంగతి తెలియునో లేదో!

మా అమ్మాయి సంగతి విని, ఆ కథనే మాన్పింతునన్నది. నేను వలదంటిని. నాయనమ్మ కథ చూపి యీ దృశ్యమును దాచుట చేతగాని పని. అదియునుగాక, దాచిన మనుమని నవ్వు ఎచ్చటికి పోవును?

ఆ రాత్రి డాబామీద మా తాతగారి సంగతి చెప్పితిని. ఆయన పెరటివైపు పోవునపుడు నడవలోనుండియే గట్టిగా దగ్గెడివారు. నూతివద్ద ఆడువారుందురేమో! లోపలినుండి "రావచ్చు" నను మాట వినవచ్చువఱకు అడుగు వేసెడివారు కారు. "అంత గొప్ప పిల్లికి ఒక దగ్గు తట్టలేదేమి?" అని మనుమరాలు అడిగినది. మనుమడు మాటాడలేదు, నిద్రపోయినాడనుకొంటిని.

మఱునాటినుండి వాడు ప్రతి గది ముంగిటను, లోన ఎవరున్నను లేకున్నను, నిలువబడి దగ్గుట మొదలుపెట్టినాడు. వంటింటి ముందు దగ్గు, బీరువా ముందు దగ్గు. చెల్లెలు చెవులు మూసికొనినది. సంగతి తెలియని మా అమ్మాయి మూడవనాడు మిరియాల కషాయము కాచి తెచ్చినది.