వేప్‌ వేడెక్కితే... దాచొద్దు!

ఈ-సిగరెట్‌ అనగానే మనకు గుర్తొచ్చేది ఊపిరితిత్తులు, నికొటిన్‌ వ్యసనం. ఆ భయంలో అర్థముంది. కానీ అందులో మరో ముప్పు కూడా ఉంది, దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. పొగ పీల్చనివారిని, ఆ గదిలో నిద్రపోతున్నవారిని కూడా అది వదలదు. అదే ఆ పరికరంలోని లిథియం అయాన్‌ బ్యాటరీ.

‘మన దేశంలో నిషేధం కదా, మనకెందుకు?’ అనుకోవచ్చు. నిజమే. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్‌తో మొదలై, అదే ఏడాది డిసెంబరులో చట్టంగా మారిన నిషేధం ఇప్పటికీ అమల్లో ఉంది. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలు అన్నీ నేరమే. తొలిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లేదా రూ.1 లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. అయినా దొంగచాటుగా వస్తున్న సరకు కాలేజీ పిల్లల చేతికి చేరుతూనే ఉంది. చిక్కంతా ఇక్కడే. చట్టబద్ధంగా అమ్మే ఫోనుకు, ఛార్జర్‌కు ప్రమాణాలుంటాయి, బిల్లు ఉంటుంది, పాడైతే సర్వీస్‌ సెంటర్‌ ఉంటుంది. దొంగసరకుకు ఇవేవీ ఉండవు. పైగా ఇంట్లో తెలియకూడదని పిల్లలు దాన్ని దిండు కిందో, బట్టల మధ్యో దాస్తారు. అర్ధరాత్రి దుప్పటి చాటున ఛార్జింగ్‌ పెడతారు. ఏ బ్యాటరీకైనా అంతకంటే ప్రమాదకరమైన చోటు ఉండదు.

ఎందుకు వేడెక్కుతుంది?

వేప్‌లో చిన్న లోహపు కాయిల్‌ ఉంటుంది. దాన్ని క్షణాల్లో వేడెక్కించి ద్రవాన్ని ఆవిరిగా మార్చడానికి బ్యాటరీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వాలి. కాబట్టి వాడినప్పుడు కాస్త గోరువెచ్చగా కావడం మామూలే. చేత్తో పట్టుకోలేనంతగా కాలుతుంటే మాత్రం మామూలు కాదు. దీనికి కారణాలు చాలానే ఉంటాయి.

• ఆపకుండా పీల్చడం, ద్రవం అయిపోయినా వాడుతూనే ఉండడం.
• కాయిల్‌ పాడై షార్ట్‌ కావడం.
• బటన్‌ జేబులో, బ్యాగులో నొక్కుకుపోయి అలాగే ఉండిపోవడం.
• ఆ పరికరానికి సరిపడని ఫాస్ట్‌ ఛార్జర్‌ పెట్టడం.
• కింద పడి, తడిసి బ్యాటరీ దెబ్బతినడం.
• మే నెల ఎండలో మూసిన కారులో వదిలేయడం.

లిథియం అయాన్‌ బ్యాటరీలో ప్లస్‌, మైనస్‌ పొరల మధ్య పలుచని ప్లాస్టిక్‌ తెర ఉంటుంది. చుట్టూ మండే స్వభావమున్న ద్రవం ఉంటుంది. వేడి హద్దు దాటితే తెర కరిగి, రెండు పొరలూ తగులుకుంటాయి. దాంతో మరింత వేడి పుడుతుంది. ఆ వేడికి రసాయన చర్యలు ఇంకా జోరందుకుంటాయి. ఒకసారి మొదలైతే స్విచ్‌ ఆపేసినా ఆగదు. దీన్నే ‘థర్మల్‌ రనవే’ అంటారు. వేప్‌ సన్నని గొట్టంలా ఉండడం మరో చిక్కు. లోపల పెరిగిన ఒత్తిడి బలహీనమైన కొస నుంచి ఒక్కసారిగా తన్నుకొస్తే, అది రాకెట్‌లా దూసుకుపోతుంది.

విదేశీ లెక్కలు, మన అనుభవాలు

అమెరికా అగ్నిమాపక విభాగం 2009 నుంచి 2016 చివరి వరకు మీడియాలో వచ్చిన ఘటనలను పరిశీలించింది. ఈ-సిగరెట్లు మండిన, పేలిన ఘటనలు 195 లెక్కకు వచ్చాయి. 133 మంది గాయపడ్డారు. వీరిలో 38 మందివి తీవ్రమైన గాయాలు. చాలా ఘటనలు జేబులో ఉన్నప్పుడో, వాడుతున్నప్పుడో, ఛార్జింగ్‌లో ఉన్నప్పుడో జరిగాయి. ఆ తర్వాత 2018లో ఫ్లోరిడాలో, 2019లో టెక్సస్‌లో వేప్‌ పేలి ఒక్కొక్కరు చనిపోయారు. కోట్ల మంది వాడేచోట ఈ సంఖ్య చిన్నదే. కానీ ముఖానికి, తొడకు అంత దగ్గరగా ఉండే వస్తువు పేలితే గాయం చిన్నది కాదు.

మనకూ ఇది కొత్త సంగతేమీ కాదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్‌ పెట్టిన ఎలక్ట్రిక్‌ స్కూటర్‌ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. సైజు వేరైనా బ్యాటరీ కుటుంబం ఒక్కటే. అందుకే ఈ జాగ్రత్తలు పవర్‌ బ్యాంకుకూ, పాత ఫోనుకూ వర్తిస్తాయి.

వేడెక్కినట్టు కనిపిస్తే...

• ఛార్జింగ్‌లో ఉంటే ముందు గోడ దగ్గర స్విచ్‌ ఆపండి. వీలైతే ప్లగ్‌ తీయండి.
• పరుపు, కర్టెన్లు, కాగితాలకు దూరంగా, బయట గచ్చు మీదో రాతి మీదో పెట్టండి.
• ఉబ్బడం, బుసబుసమనే శబ్దం, తీపి వాసనో ఘాటైన వాసనో రావడం, పొగ... వీటిలో ఏది కనిపించినా ముట్టుకోకండి. అందరినీ గదిలోంచి బయటకు పంపండి. ఆ పొగ పీల్చకూడదు.
• కరెంటుతో సంబంధం లేని చిన్న పరికరం మండుతుంటే, సురక్షిత దూరం నుంచి ఎక్కువ నీళ్లు పోసి చల్లార్చవచ్చు. ఐసుతో, దుప్పటితో కప్పొద్దు. లోపలి వేడి బయటకు పోదు. మంట ఆరినా మళ్లీ అంటుకోవచ్చు.
• మంట సామాన్లకు పాకితే ఆర్పడానికి ప్రయత్నించకండి. బయటకు వచ్చి 101కి గానీ, 112కు గానీ ఫోన్‌ చేయండి.
• ‘చల్లారింది కదా’ అని మళ్లీ ఛార్జింగ్‌ పెట్టొద్దు. విప్పి చూడొద్దు, గుచ్చొద్దు.

కాలితే టూత్‌పేస్టు, పసుపు, ఇంకు పూయకండి. కాలిన చోట 20 నిమిషాలపాటు చల్లని కుళాయి నీళ్లు ధారగా పోయండి. చర్మానికి అంటుకోని బట్టలు, ఉంగరాలు, గాజులు తీసేయండి. బ్యాటరీ గాయం మామూలు కాలిన గాయంలా ఉండదు. రసాయనాలు కూడా చర్మంలోకి చేరతాయి. అందుకే చిన్నదిగా కనిపించినా ఆసుపత్రికి వెళ్లి, ‘బ్యాటరీ పేలింది’ అని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి. సిగ్గుపడి ‘వేణ్నీళ్లు పడ్డాయి’ అంటే చికిత్స దారి తప్పుతుంది.

విదేశాల్లో మీ పిల్లలుంటే

అమెరికాలో 21 ఏళ్లు నిండినవారికి వేప్‌ అమ్మకం చట్టబద్ధమే. బ్రిటన్‌ 2025 జూన్‌ 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే వేప్‌లను నిషేధించింది. సింగపూర్‌లో వేప్‌ దగ్గరుంచుకోవడమే నేరం. అక్కడున్న మీ అబ్బాయో అమ్మాయో ఇప్పటికే వాడుతుంటే, మానమని చెబుతూనే ఈ నాలుగు మాటలూ చెప్పండి. విడి బ్యాటరీలను తాళాలు, చిల్లరతో కలిపి జేబులో వేసుకోవద్దు. లోహం తగిలితే షార్ట్‌ అవుతుంది. 18650 రకం విడి సెల్స్‌ విషయంలో అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ 2021లోనే హెచ్చరించింది. విమానంలో స్పేర్‌ బ్యాటరీలు చెక్‌-ఇన్‌ సూట్‌కేసులో పెట్టకూడదు. మన దేశానికి వచ్చేటప్పుడు వేప్‌ వెంట తేకూడదు.

పారేయడమెలా?

చెత్తబుట్టలో వేస్తే, చెత్త బండిలో నలిగినప్పుడు పారిశుద్ధ్య కార్మికుల మధ్య మండొచ్చు. పూర్తిగా చల్లారాక, విడిగా ఉన్న బ్యాటరీ కొసలకు టేపు చుట్టి ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇవ్వాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీల బాధ్యత తయారీదారులది, దిగుమతిదారులది. మరి ఎవరు తెచ్చారో తెలియని దొంగసరకుకు బాధ్యులెవరు? చట్టం అమ్మకాన్ని ఆపమంది. ఇప్పటికే ఇళ్లలోకి చేరిన వస్తువును భయం లేకుండా అప్పగించే దారి కూడా ప్రభుత్వాలు చూపించాలి.

అప్పటిదాకా మొదటి రక్షణ ఇంట్లోనే. పిల్లల దగ్గర వేప్‌ కనిపిస్తే మొదటి మాట తిట్టు కాకూడదు. ‘వేడెక్కుతోందా? ఎక్కడ ఛార్జింగ్‌ పెడుతున్నావు?’ అని అడగండి. చెబితే కొడతారన్న భయమే దాన్ని దిండు కిందికి చేరుస్తుంది. మాన్పించే పనిలో సాయానికి జాతీయ పొగాకు క్విట్‌లైన్‌ 1800-112-356 ఉంది. ఉచితంగానే మాట్లాడవచ్చు. వ్యసనం వదలడానికి నెలలు పట్టొచ్చు. బ్యాటరీని పడకగది నుంచి బయట పెట్టించడం మాత్రం ఈ రాత్రే జరగాలి.